వందకు ఎన్ని రొట్టెలు

తమ్ముడు చోయ్‌జిల్‌కి ఎత్తయిన బండి కావాలి.
"గుట్ట మీద ఇళ్లు, జారే మంచు,
నాలుగు చక్రాలూ లాగాలక్కా" అన్నాడు.
ఆ నల్లబండి బానెట్ మీద చెయ్యి వేసి
అప్పుడే పెళ్లికొడుకైనట్టు నిలబడ్డాడు.
ధర తక్కువే.
నా అనుమానమంతా అక్కడే.

నేను రాత్రంతా పిండి పిసికే మనిషిని.
తెల్లారేలోగా ఉలాన్‌బాతర్ ఉత్తరపు గుట్టలెక్కి
పద్నాలుగు కొట్లకు రొట్టెలు వేసి రావాలి.
నా లెక్కలో లీటరంటే పెట్రోలు కాదు,
ఒక రొట్టె.
"వంద కిలోమీటర్లకు పద్నాలుగు తాగుతుంది" అన్నాడు
అమ్మే ఎర్ఖెంబయార్.
పక్కనున్న మెకానిక్ దగ్గాడు.
ఆ దగ్గుకి నేను రెండు కలిపాను.

పదహారు రొట్టెలు.
పైగా ఒక్కో టైరూ నా పొయ్యంత,
ఖరీదూ పొయ్యంత.
నూనె మార్చాలన్నా, అద్దం పగిలినా, బీమా కట్టాలన్నా
పెద్దింటి అల్లుడికి మర్యాద చేసినట్టే.
కొన్ననాడు ఒక్కసారి ఏడుస్తాం,
మేపేటప్పుడు నెలనెలా.

నాన్న మాట్లాడలేదు.
నలభై ఏళ్లు గుర్రాలు కాచిన మనిషి,
చేతులు వెనక్కి కట్టుకుని
బండ్ల పొట్టల కిందికి వంగి చూస్తూ
సంతంతా తిరిగాడు.
ఒక పాత తెల్ల ప్రియస్ దగ్గర ఆగి
దాని నుదురు రాశాడు.
"గడ్డి ఉన్నప్పుడు ఏ గుర్రమైనా నున్నగానే ఉంటుంది.
రేపు చీకట్నే వద్దాం.
వీడికి చెప్పకు."

మర్నాడు సున్నాకి కింద ముప్పై రెండు.
ఊపిరి కనురెప్పల మీదే గడ్డకడుతోంది.
మేం వెళ్లేసరికి ఎర్ఖెంబయార్
నల్లబండి కింద బోర్లా పడుకుని
బ్లోటార్చితో దాని పొట్ట కాస్తున్నాడు,
పైన రెండు దుప్పట్లు.
మమ్మల్ని చూసి నవ్వాడు పాపం,
ఆ మంటంత నీలంగా.

తెల్లదానికి దుప్పటి లేదు.
బటన్ నొక్కాను. చప్పుడు లేదు.
చోయ్‌జిల్ ముఖంలో పండగ.
ఇంజను కంటే ముందు
ఎవరో ఆడమనిషి జపాను భాషలో
చాలా మర్యాదగా ఏదో అంది.
తర్వాత అడుగున చిన్న వణుకు,
నిద్రలో పిల్ల పక్కకి తిరిగినట్టు.
నాన్న తల ఊపాడు.

"దీని పెద్ద బ్యాటరీ పోతే?" అడిగాను.
"ఈ ఊళ్లో ప్రతి సందులోనూ దొరుకుతుంది.
చచ్చిన ప్రియస్ ఒక్కొక్కటీ
ఇంకో నాలుగింటిలో బతుకుతుంది" అన్నాడు మెకానిక్.
ఈసారి దగ్గలేదు.

కొన్నాను.
ఐదే తాగుతుందని ఊరంతా ఒట్టేసింది.
ఎనిమిది.
చలికాలం కదా అన్నారు. చలికాలమనే రాసుకున్నాను.
రాళ్ల దారికి ముందు స్ట్రట్ ఒకటి విరిగింది:
అరవై రొట్టెలు.
ఫిబ్రవరిలో ఒకరోజు పదకొండో కొట్టు దగ్గర
మంచులో చక్రం ఉత్తినే తిరుగుతుంటే
చోయ్‌జిల్ దిగి నెట్టాడు.
ఒక్క మాట అనలేదు.
ఆ మౌనానికి మాత్రం
నాలుగు చక్రాలూ లాగుతున్నాయి.

ఆ మర్యాదస్తురాలు రోజూ పొద్దున్నే అదే మాట.
శుభోదయమనుకున్నాను,
"జాగ్రత్తగా వెళ్లమ్మా" అనుకున్నాను,
బదులుగా నేనూ రోజూ ఏదో ఒకటి చెప్పేదాన్ని:
పిండి ధర, నాన్న మోకాలు.
పక్కింటి నొముంగెరెల్ జపాను భాష చదువుతోంది.
ఎక్కించుకుని వినిపించాను.
నవ్వి నవ్వి స్కార్ఫు జారింది దానికి.
"కార్డు పెట్టలేదు, అంటోంది.
అక్కడి పెద్ద రోడ్లకు సుంకం కట్టే కార్డు."

సముద్రం అవతల ఏదో దారికి
ఇన్నాళ్లూ నన్ను డబ్బడుగుతోందన్న మాట.
పుస్తకం తీశాను,
ఏ పద్దు కింద రాయాలో తోచక మూసేశాను.
వెనక సీట్లో రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి,
అద్దాలకు ఆవిరి పట్టింది.
చేత్తో తుడిచి గేరు వేశాను.